పాత బోర్డు బడి: వయసు తేల్చడం ఎలా, గోడ చెమ్మకు ఏం చేయాలి?

ప్రశ్న:
గుంటూరు జిల్లా పల్లెలో ఎలిమెంటరీ బడి. ఇటుక, సున్నం గోడలు, ముందు వరండా, పైన బంగళాపెంకులు. పెంకు మీద బాసెల్ మిషన్ (స్విట్జర్లాండు క్రైస్తవ మిషన్) పేరు, 1865 అని అచ్చు ఉంది. బడి అంత పాతదేనా? తర్వాతెప్పుడో గోడలకు సిమెంటు పూశారు. ఇప్పుడది నడుమెత్తు వరకూ ఉబ్బి రాలుతోంది, ఉప్పు పూస్తోంది. మేస్త్రీ మళ్లీ సిమెంటే వేద్దామంటున్నాడు.

జవాబు 1:
1865 మంగుళూరులో ఆ పెంకుల ఫ్యాక్టరీ పెట్టిన ఏడాది. తర్వాత చేసిన పెంకుల మీదా అదే అచ్చు, కాబట్టి దాన్నిబట్టి బడి వయసు లెక్కకట్టొద్దు. ఆ ఫ్యాక్టరీకే తర్వాత వచ్చిన కామన్‌వెల్త్ పేరున్న పెంకులు దొరికితే అవి మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతివి. యుద్ధకాలంలో మిషన్ ఆస్తులు ప్రభుత్వం చేతికి పోవడంతో పేరు మారింది. అయినా పెంకులు మధ్యలో మార్చి ఉండొచ్చు. గుమ్మం మీది రాతిపలక, పాత అడ్మిషన్ రిజిస్టరు చూడండి. పలక మీద తాలూకా బోర్డు (అప్పట్లో బళ్లు నడిపిన స్థానిక సంస్థ) అని ఉంటే 1934 లోపుదే, ఆ ఏడే అవి రద్దయ్యాయి. జిల్లా బోర్డు అని ఉంటే జిల్లా పరిషత్తులు వచ్చిన 1959కి ముందుది.

జవాబు 2:
దయచేసి సిమెంటు వేయించకండి. పునాది నుంచి ఎక్కే చెమ్మను సున్నపు గోడ బయటికి వదిలేస్తుంది. సిమెంటు అడ్డుపడితే నీరు లోపలే ఉండి, ఉప్పు పూత వెనక పేరుకుని దాన్ని తోసేస్తుంది.

సిమెంటంతా చెక్కించండి. ఇటుకల సందుల్లో పొడైన సున్నం అంగుళం లోతు గీకి, ఉప్పును పొడి బ్రష్‌తో దులపాలి. నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. ఒక వేసవంతా ఆరనిచ్చి, ఎండ తగ్గాక పూత మొదలుపెట్టండి. సున్నం కనీసం రెండు వారాలు నీళ్లలో నానాలి. ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు జల్లించిన ఏటి ఇసుక. ఒక్కో పూత అర అంగుళం మించకుండా రెండు పూతలు, పైన వారం రోజులు తడి గోనెలు. త్వరగా ఆరితే నెర్రెలిస్తుంది. రంగు బదులు వెల్ల వేయండి. ప్లాస్టిక్ పెయింటు వేస్తే కథ మళ్లీ మొదటికే.

జవాబు 3:
పూత కన్నా ముందు బయటి నేల చూడండి. రోడ్డు పెంచుకుంటూ పోయి బడి పునాది మట్టంకన్నా ఎత్తైతే ఏ సున్నమూ నిలవదు. గోడ వెంట మట్టి తీసి, చూరు నీళ్లు దూరంగా పోయేలా వాలు పెట్టించండి. వాసాలు గోడ మీద ఆనేచోట స్క్రూడ్రైవర్‌తో గుచ్చండి, దిగబడితే చెదలు పట్టినట్టో, కుళ్లినట్టో. పెంకులు దించేటప్పుడు బాగున్నవి వేరుగా పేర్చించండి. కొత్తవి కలపాలంటే ఒక పాత పెంకు వెంట తీసుకెళ్లండి, కంపెనీని బట్టి గాళ్ల కొలతలు మారతాయి, కలవకపోతే కారుతుంది.