'పార్సిమొనీ' అంటే లోభమేనా? బడి కథల్లోని కఠిన పదాల గురించి

చర్చకు వచ్చిన ప్రశ్న: ఓ హెన్రీ రాసిన 'ద గిఫ్ట్ ఆఫ్ ద మేజై' కథ మా అబ్బాయికి ఇంగ్లీషు పాఠంగా ఉంది. అందులో 'పార్సిమొనీ' అన్న మాటకు నిఘంటువు లోభం, పిసినారితనం అని అర్థం చెబుతోంది. భర్తకు కానుక కొనడానికి తన జుట్టునే అమ్ముకున్న డెల్లాకు లోభం అంటగట్టడం ఎలా పొసగుతుంది? అసలు కథల్లో వచ్చే ఇటువంటి కఠిన పదాలను పిల్లలకు ఎలా నేర్పాలి?

సమాధానం: డెల్లాను పిసినారి అన్నది కథకుడు కాదు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మీ మొదటి సందేహం తీరిపోతుంది, రెండవ ప్రశ్నకు కూడా దారి దొరుకుతుంది.

1905లో అచ్చయిన ఆ కథ ఒక డాలరు 87 సెంట్ల లెక్కతో మొదలవుతుంది. అందులో 60 సెంట్లు పెన్నీలే. కిరాణా వ్యాపారితోనూ, కూరగాయలవాడితోనూ, మాంసం అమ్మేవాడితోనూ గీచి గీచి బేరమాడి, ఒకసారి ఒక పెన్నీ, మరోసారి రెండు పెన్నీలు చొప్పున కూడబెట్టిన సొమ్ము అది. అలా బేరమాడినప్పుడు ఎదుటివాడు పైకి ఏమీ అనకపోయినా, 'ఎంత పిసినారి మనిషి' అని లోలోపల అనుకుంటూనే ఉంటాడని తోచి చెంపలు వేడెక్కుతాయని రచయిత అంటాడు. మూలవాక్యంలో 'పార్సిమొనీ' ఒంటరిగా రాలేదు. దానికి ముందు 'సైలెంట్ ఇంప్యుటేషన్ ఆఫ్' అని ఉంది. అంటే అది డెల్లా గుణం కాదు, నోరు మెదపకుండా ఎదుటివాడు ఆమె మీద వేసిన నింద. కథ సాగేకొద్దీ ఆ నింద ఎంత అన్యాయమైనదో పాఠకుడికి తెలిసివస్తుంది. పైకం అడిగితే చాలు లోభి భగ్గున పడి చస్తాడని వేమన అన్నాడు గదా, ఈమె అడగకుండానే ఉన్నదంతా ఊడ్చి ఇచ్చిన మనిషి.

కాబట్టి ఆ వాక్యంలో నిజంగా నేర్వవలసిన కఠిన పదం 'పార్సిమొనీ' కాదు, 'ఇంప్యుటేషన్'. లాటిన్‌లో దాని మూలానికి లెక్కలో చేర్చడం, ఒకరి ఖాతాలో వేయడం అని అర్థం. చిల్లర లెక్కతో మొదలైన కథలోకి ఖాతా లెక్కల నుంచి పుట్టిన మాట వచ్చి కూర్చోవడం రచయిత తలపెట్టి చేసినదో కాదో చెప్పలేం గాని, చదివేవాడికి మాత్రం అది గుర్తుండిపోయే సంగతి. తెలుగులో దీనికి 'ఆరోపణ' సరిగ్గా సరిపోతుంది. పత్రికల్లో చదివి చదివి మనం ఆరోపణ అంటే నేరం మోపడమే అనుకుంటున్నాం గాని, అలంకారశాస్త్రంలో ముఖం మీద చంద్రత్వాన్ని ఆరోపించడం గురించి మాట్లాడేటప్పుడు ఆ మాటకు లేనిదాన్ని తెచ్చి ఒకదాని మీద ఉంచడమనే అసలు అర్థం ఇంకా బతికే ఉంది. డెల్లా మీద పిసినారితనం అలా ఆరోపితమైనదే.

ఇప్పుడు నేర్పే పద్ధతి. పాఠం చివర ఇచ్చే పదాల పట్టికలో 'పార్సిమొనీ - లోభం' అని ఒక వరుస ఉంటుంది. విద్యార్థి దాన్ని వల్లె వేసి, పరీక్షలో 'డెల్లా పార్సిమోనియస్ స్త్రీ' అని రాస్తాడు. వ్యాకరణం ఒప్పే, కథ తప్పు. ఇలా జరగకుండా ఉండాలంటే నోటుపుస్తకంలో అర్థానికి ముందు వాక్యాన్ని ఎక్కించమనాలి. దాని కింద ఆ మాటను ఎవరు, ఎవరి గురించి, ఏ మనసుతో అంటున్నారో సొంత మాటల్లో ఒక పంక్తి రాయించాలి. నిఘంటువు అర్థం ఆ తరువాత రావాలి. పని పెరుగుతుంది, నిజమే. అందుకే ఒక కథకు అయిదారు మాటలకు మించి ఇలా చేయించకూడదని నా అభిప్రాయం.

ఏ అయిదారు మాటలన్నది ఎంచుకోవడానికి విద్యా పరిశోధకులు ఇసబెల్ బెక్, మార్గరెట్ మెక్కియోన్, లిండా క్యూకన్ 2002లో ప్రచురించిన పుస్తకంలోని విభజన పనికివస్తుంది. నిత్యం మాట్లాడుకునే మాటలు ఒక అంతరువు, ఒక్కో శాస్త్రానికే పరిమితమైన పారిభాషిక పదాలు మరొక అంతరువు. ఈ రెంటికీ నడుమ, పుస్తకాల్లో తరచుగా కనిపిస్తూ అన్ని విషయాల్లోనూ పనికివచ్చే మాటలున్నాయి, శ్రమ వాటి మీద పెట్టమన్నారు. ఇదే కథ మొదటి పుటలోని 'ఇన్‌స్టిగేట్', 'ప్రిడామినేట్' (తక్కినవాటిని మించి ఉండడం) అటువంటివి. 'ఇన్‌స్టిగేట్' అంటే ఉసిగొల్పడం. సాధారణంగా అల్లరికో నేరానికో ఉసిగొల్పుతారు. ఓ హెన్రీ మాత్రం డెల్లా ఏడుపు ఒక నీతివాక్యాన్ని ఉసిగొల్పిందని నవ్వులాటగా రాస్తాడు. 'పురికొల్పింది' అని మర్యాదగా తెలిగిస్తే ఆ నవ్వు కాస్తా ఆవిరైపోతుంది.

సందర్భాన్ని బట్టి అర్థం ఊహించుకోమని చెప్పడం చాలామందికి అలవాటు. దానికి ఒక హద్దుంది. పదజాలం నేర్చుకోవడంపై పరిశోధించిన పాల్ నేషన్ మరొకరితో కలిసి 2000లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, కథను ఎవరి సాయమూ లేకుండా చదివి అర్థం చేసుకోవాలంటే అందులోని మాటల్లో దాదాపు 98 శాతం ముందే తెలిసి ఉండాలి. అంటే ప్రతి 50 మాటలకు తెలియనిది ఒక్కటే ఉండాలి. డెల్లా బేరం గురించిన వాక్యంలో 'బుల్‌డోజ్' (గదమాయించి లొంగదీయడం), 'ఇంప్యుటేషన్', 'పార్సిమొనీ' ఒకదాని వెంట ఒకటి వస్తాయి. మూడూ తెలియనివాడు ఊహించడానికి అక్కడ ఊత ఏదీ లేదు. అటువంటి చోట ఉపాధ్యాయుడు అర్థం చెప్పేయడమే మేలు. ఊహించమని వేధిస్తే విద్యార్థికి మిగిలేది తప్పుడు అర్థమూ, కథ మీద విసుగూ.

ఊహ చక్కగా పనిచేసే చోట్లూ ఉన్నాయి. ఎడ్గార్ అలన్ పో 1846లో ప్రచురించిన 'ద కాస్క్ ఆఫ్ అమాంటియాడో' మొదటి పేరాలోనే ప్రతీకారం తలపెట్టినవాడు, తాను శిక్షించడమే కాదు, 'ఇంప్యూనిటీ'తో శిక్షించాలి అంటాడు. ఆ వెంటనే, శిక్షించినవాణ్ణి తిరిగి శిక్ష వెన్నాడితే పగ తీరినట్టు కాదని తానే విడమరుస్తాడు. పదం, దాని వివరణ పక్కపక్కనే ఉన్నాయి. పైగా 'పనిష్', 'ఇంప్యూనిటీ' రెండూ శిక్ష అన్న అర్థమున్న ఒకే లాటిన్ కుదురు నుంచి వచ్చినవి, ఆ చుట్టరికం చెబితే విద్యార్థి మళ్ళీ మరచిపోడు. నిఘంటువులు దీనికి 'శిక్షారాహిత్యం' వంటి మాటలు కట్టి ఇస్తాయి గాని, తెలుగువాడు నోరారా అనే మాట 'అడిగే నాథుడు లేడన్న ధీమాతో' అన్నదే. ఈ పదం సాధారణంగా 'విత్' అన్న మాటను వెంటబెట్టుకునే తిరుగుతుంది కాబట్టి, నేర్పేటప్పుడు రెంటినీ కలిపే నేర్పాలి.

మరో సభ్యురాలు అడిగారు: పిల్లలు కఠినంగా కనిపించే మాటల కింద గీత గీసుకుంటున్నారు, తేలికగా ఉన్నవాటిని వదిలేస్తున్నారు, ఇది సరైనదేనా అని.

సరైనది కాదు. సాకీ రాసిన 'ద ఓపెన్ విండో' కథ చివరి వాక్యంలో, అప్పటికప్పుడు 'రొమాన్స్' సృష్టించడంలో, ఇంటికి వచ్చిన అతిథికి కట్టుకథ చెప్పిన పిల్ల దిట్ట అని ఉంటుంది. 'రొమాన్స్' తెలియనివారు ఎవరూ లేరు గనుక ఎవరూ గీత గీయరు, పదిహేనేళ్ళ అమ్మాయికి ప్రేమ వ్యవహారం అంటగట్టేస్తారు. అక్కడ ఆ మాటకు ఉన్నదీ లేనిదీ కల్పించి కథ అల్లడం అన్న పాత అర్థం. అది తెలియకపోతే కథలోని కిటికీ, చిత్తడి నేల, వేటకు వెళ్ళినవారు అన్నీ ఆ పిల్ల అల్లిన కట్టుకథలోని సరంజామా అన్న విషయమే బోధపడదు. ఓ హెన్రీ కథలోనే డెల్లా కాపురమున్న గది గురించిన వాక్యం చూడండి. 'బెగ్గర్ డిస్క్రిప్షన్' అంటే వర్ణనాతీతం కావడం. ఆ గది అంతటిది కాకపోయినా, ఆ 'బెగ్గర్' అన్న మాట మాత్రం ముష్టివాళ్ళను పట్టుకుపోయే పోలీసుల కోసం బిక్కుబిక్కుమంటూ చూసేటట్టు ఉందని రచయిత చమత్కరిస్తాడు. విద్యార్థి 'మెండికెన్సీ' కింద గీత గీసి, 'యాచకవృత్తి' అని పైన రాసుకుంటాడు, చమత్కారం దాగిన 'బెగ్గర్' దగ్గర ఆగడు. అందువల్ల గీత గీయవలసింది తెలియని మాట కింద మాత్రమే కాదు, తెలిసిన మాటే అయినా వాక్యంలో అర్థం కుదరని ప్రతి చోటా.

మొదటి ప్రశ్న అడిగినవారికి ఒక అనుబంధం. మీ అబ్బాయి పై తరగతుల్లో 'పార్సిమొనీ'ని తర్కంలోనో విజ్ఞానశాస్త్రంలోనో మళ్ళీ చూస్తాడు. ఒక విషయాన్ని వివరించడానికి అవసరానికి మించిన కల్పనలు చేయరాదన్న సూత్రానికి ఆ పేరు ఉంది. అక్కడ నింద లేదు, మెచ్చుకోలే ఉంది. ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్ కూడా 1776లో మూలధనం పెరగడానికి తక్షణ కారణం శ్రమ కాదు, 'పార్సిమొనీ' అని మెచ్చుకోలుగానే రాశాడు. ఆయన మాటను 'పొదుపు' అని తెలిగించవచ్చు. తర్కంలోని మాటకు మన వ్యాకరణ సంప్రదాయంలో 'లాఘవం' (క్లుప్తత) సిద్ధంగా ఉంది. సూత్రంలో అరమాత్ర తగ్గినా వైయాకరణులు కొడుకు పుట్టినంత పండుగ చేసుకుంటారని సంస్కృతంలో ఒక నానుడి. లోభం, పొదుపు, లాఘవం మూడింటినీ ఇప్పుడే ఒకేసారి నేర్పవద్దు. నోటుపుస్తకంలో డెల్లా వాక్యం కింద నాలుగు పంక్తుల ఖాళీ వదిలిపెట్టమనండి, తక్కిన రెండు వాక్యాలు ఎదురైనప్పుడు అక్కడే రాసుకుంటాడు.