గీజర్ కటౌట్ బటన్ మనమే నొక్కవచ్చా, మెకానిక్‌ను పిలవాలా?

అద్దెఇల్లు
మా గీజర్‌లో వారం తిరగకుండానే వేడినీళ్లు ఆగిపోతున్నాయి. వేడెక్కుతున్నట్టు చూపే దీపం కూడా వెలగదు. కింది మూత తీసి చిన్న ఎర్ర బటన్ నొక్కమని ఇంటి యజమాని ఫోనులో చెప్పారు. నొక్కితే నిజంగానే పనిచేసింది, మళ్లీ ఆగింది. ఇలా నొక్కుతూ ఉండవచ్చా?

టెస్టర్
నిరభ్యంతరంగా నొక్కవచ్చు. అది థర్మల్ కటౌట్. హద్దు మీరి వేడెక్కితే కరెంటు ఆపుతుంది. నొక్కడానికే ఆ బటన్ పెట్టారు. మెయిన్ స్విచ్ కట్టేసి మూత తీయండి, నొక్కండి, మళ్లీ బిగించండి. ఈపాటి దానికి మెకానిక్‌ను పిలిస్తే లేని రోగాలన్నీ అంటగడతాడు.

ఎర్తువైరు
ఎందుకు ట్రిప్ అయిందో అడగరేం? నీళ్లు మనం పెట్టిన వేడికి రాగానే ఆపాల్సింది థర్మోస్టాట్. అది ఆపనప్పుడు వ్యవహారం కటౌట్ దాకా వస్తుంది. ఒక్కసారి అయితే నొక్కి చూడండి, తప్పు లేదు. పదేపదే అవుతోందంటే థర్మోస్టాట్ కాంటాక్టులు అతుక్కుపోయి ఉండవచ్చు, ఎలిమెంటుకు, అంటే నీళ్లు కాచే కడ్డీకి, గార పట్టి ఉండవచ్చు, స్క్రూ వదులై వైరు కొస వేడెక్కుతూ ఉండవచ్చు. ఇవేవీ బటన్ నొక్కితే పోయేవి కావు.

టెస్టర్
"నొక్కి చూడండి, తప్పు లేదు" అని మీరే అన్నారు. నేనూ అదే కదా అన్నది?

ఎర్తువైరు
"ఒక్కసారి" అన్నాను. ఆ మాట మింగేశారు.

కుళాయి
మా గీజర్ అడుగున చుక్కలు పడుతున్నాయి. ఇదీ కటౌటేనా?

ఎర్తువైరు
కాదండీ. వేడెక్కేటప్పుడు మాత్రమే సేఫ్టీ వాల్వ్ గొట్టం నుంచి పడితే అది సహజం. 25 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి 65 డిగ్రీలకు చేరేసరికి దాదాపు 400 మిల్లీలీటర్లు పెరుగుతాయి, వాటికి దారి కావాలి. ఆ గొట్టానికి ఎన్నడూ బిరడా కొట్టకండి. గీజర్ చల్లగా ఉన్నా కారుతుంటే, లేదా టాంకు నుంచే కారుతుంటే మనిషిని పిలవండి.

టెస్టర్
చూశారా, చుక్క పడినా మనిషిని పిలవాలట! మా ఇంటికీ వచ్చాడు ఒక మనిషి. మూతైనా పూర్తిగా తీయకుండా "ఎలిమెంటు పోయింది" అన్నాడు. కొత్తది వేసి, పాతది తన సంచిలో పెట్టుకోబోతుంటే అడిగి తీసుకున్నాను. మల్టీమీటరు పెడితే 26 ఓమ్‌లు! 230 వోల్టుల మీద నడిచే 2000 వాట్ల ఎలిమెంటుకు రావాల్సింది అంతే. నిక్షేపంలాంటి ఎలిమెంటు. ఏం పోయిందయ్యా అని అడిగితే ఫోను పెట్టేశాడు.

ఎర్తువైరు
26 వస్తే లోపలి తీగ తెగలేదని మాత్రమే అర్థం. ఎలిమెంటు కొసకూ దాని పైతొడుగుకూ మధ్య మీటరు పెట్టి చూశారా? తొడుగు చిట్లి తడి లోపలికి దిగితే కరెంటు లీకవుతుంది, మీ 26 మాత్రం 26గానే ఉంటుంది. ఆ లీకేజీ చాలాసార్లు మల్టీమీటరుకు అందదు, ఎక్కువ వోల్టేజీతో లీకేజీ పట్టే మెగ్గర్ అనే మీటరు కావాలి.

టెస్టర్
అతను మెగ్గర్ తెచ్చాడా? కంటిచూపుతో తేల్చాడు. మీవాళ్లను మీరు వెనకేసుకురండి, కానివ్వండి.

నీలిమంట
గ్యాస్ గీజర్ అయితే అసలీ చర్చే వద్దు. మంట పసుపు రంగుకు తిరిగిందంటే ఆపేసి, కిటికీలు తెరిచి, మనిషిని పిలవాల్సిందే. కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు.

కుళాయి
అడిగినవారిని వదిలేసి మీరిద్దరూ ఓమ్‌ల మీద పడ్డారు.

ఎర్తువైరు
నన్ను దొంగల్లో కలిపారు కనుక ఇదీ వినండి. ఒకచోట "నీళ్లు మరీ కాలుతున్నాయి" అని పిలిచారు. మూత తీస్తే ప్లాస్టిక్ కరిగి వైర్లకు అంటుకుని ఉంది. కటౌట్ మాటిమాటికీ ట్రిప్ అవుతోందని దాని రెండు వైర్లూ కలిపేసి టేపు చుట్టారు ఇంటాయన! ఆ ముక్క నాతో చెప్పలేదు. థర్మోస్టాట్ చెడింది, కటౌట్ లేదు, ఇక మిగిలింది సేఫ్టీ వాల్వ్ ఒక్కటే. అదీ మొరాయిస్తే టాంకు పేలిపోయే ప్రమాదం. రేపు ఏమైనా జరిగితే "చివరిసారి చెయ్యి పెట్టిందెవరు?" అంటారు, నా పేరే వస్తుంది. విప్పుకోండి, నొక్కుకోండి. కానీ ఏం చేశారో దాచకండి.

టెస్టర్
వైర్లు కలపమని నేననలేదు. అసలు నా గొడవ బటన్ గురించి కాదు. "పిలవండి" అని తేలిగ్గా అనేస్తారు. వచ్చినవాడు చెప్పేది నిజమో కాదో తెలిసే దారి మాకేది? అందుకే మూత తీస్తున్నాం.

ఎర్తువైరు
ఇది మొదటే అడగాల్సింది. కొలత మీ ఎదుటే తీయమనండి, పాత భాగం మీకే ఇమ్మనండి. ఇది పోయిందని ఎలా తెలిసిందో చెప్పలేనివాణ్ని గడప దగ్గరి నుంచే పంపేయండి. నాకేమీ కోపం రాదు.

అద్దెఇల్లు
స్విచ్ కట్టేసి మూత తీశాను. కటౌట్ దగ్గర ఒక వైరు కొస నల్లగా మాడి ఉంది. యజమాని మాత్రం "నొక్కితే పనిచేస్తోంది కదా" అంటున్నారు. ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నదే ఆయన బెంగ.

ఎర్తువైరు
ఇక నొక్కకండి. కరెంటు బోర్డులో గీజర్ ఎంసీబీ స్విచ్ కూడా దింపేసి ఉంచండి. ఆ వైరు ఫొటో ఆయనకు పంపండి.

టెస్టర్
వైరు మాడితే నేనూ నొక్కమనను. వచ్చినవాడు పనిలో పనిగా ఎలిమెంటు కూడా మార్చాలంటే మాత్రం ముందు ఇక్కడ రాయండి.