హెడ్విగ్ రా గురించి: స్వీడిష్, ఫిన్నిష్ చదవగలవాళ్లు కాస్త సాయం చేస్తారా?

అందరికీ నమస్కారం. మా నాటక బృందంలో వచ్చే నెల ఒక్కొక్కరం ఒక పాతకాలపు నటి గురించి పావుగంట మాట్లాడాలి. నేను హెడ్విగ్ రాని ఎంచుకున్నాను. 1838లో స్టాక్‌హోమ్‌లో పుట్టారు, నటన కూడా నేర్పారు. (రెండో పెళ్లి తర్వాత ఇంటిపేరు వింటర్‌యెల్మ్. "రా" అనగానే మావాళ్లు "ఎక్కడికి?" అని ఒకటే నవ్వు!)

నన్ను పట్టేసింది ఒక్క రాత్రి. 1869 మే 10, హెల్సింకి. ఫిన్లాండ్ రచయిత అలెక్సిస్ కివి రాసిన 'లేయా' నాటకంలో ఆవిడ లేయాగా ఫిన్నిష్‌లో మాట్లాడారు. మాతృభాష స్వీడిష్, ఫిన్నిష్ రాదు, అయినా మొత్తం నేర్చుకుని చెప్పారు. ఫిన్నిష్ నాటకరంగం ఆ రోజే పుట్టిందంటారు. 1883లో స్వీడన్‌లోని హెల్సింగ్‌బోరీలో, నార్వే రచయిత ఇబ్సెన్ నాటకం 'గోస్ట్స్'లో ముఖ్యపాత్ర మిసెస్ ఆల్వింగ్ కూడా ఆవిడే. యూరప్‌లో ఆ నాటకం తొలి ప్రదర్శన అది.

ఇప్పుడు నా బాధ. ఆన్‌లైన్‌లో అప్పటి ఫిన్లాండ్ పేపర్ల స్కాన్‌లు దొరికాయి గానీ, అక్షరాలు కొక్కేల్లా మెలికలు తిరిగి ఉన్నాయి. ట్రాన్స్‌లేటర్‌లో పెడితే "శ్రీమతి రా" ఒక్కటే అర్థమైంది, మిగతాదంతా గజిబిజి.

స్టాక్‌హోమ్‌లోనో హెల్సింకిలోనో ఉన్న మనవాళ్లు ఎవరైనా రెండు పేరాలు చదివిపెడతారా? ఆ డైలాగులు ఆవిడకి ఎవరు, ఎలా నేర్పారు? శిష్యులకి ఆవిడ ఎలా నేర్పేవారు? నాకు ముఖ్యంగా కావాల్సినవి ఈ రెండే. స్కాన్‌లు పంపిస్తాను. టైమ్ తక్కువుంది, కొంచెం టెన్షన్‌గా ఉంది.