పడాక్ కర్రలో కృష్ణజింక: ఎత్తిన కాలు ఎందుకు విరిగింది?

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు):
కొన్నేళ్లుగా తేలికైన పొణికి కర్రతో జంతువుల బొమ్మలు చెక్కుతున్నాను. ఈ మధ్య ఒక కలప అడితిలో ఆఫ్రికా పడాక్ దిమ్మె దొరకడంతో, ముందుకాలు ఎత్తి నిలబడిన కృష్ణజింకను మొదలుపెట్టాను. అంతా అయ్యాక ఉప్పుకాగితం పడుతుండగా, ఆ ఎత్తిన కాలే మోకాలి దగ్గర పుటుక్కున విరిగింది. లోపం కర్రదా, నా చేతిదా? కొమ్ములకు ఒక మిత్రుడు ఎర్రచందనం ముక్క ఇస్తానంటున్నాడు, కాగితాలేవీ లేవు. తీసుకోవచ్చునా?

జవాబు 1 (భవానీపురం, విజయవాడ):
విరిగిన చోట పీచు లేవకుండా, కత్తితో కోసినట్టు నున్నగా ఉంటే లోపం కర్రది కాదండీ. దిమ్మెలో పోగు (కర్రలో నార సాగే దిశ) నిలువుగా ఉంది కనుక నిలబడిన మూడు కాళ్లకూ బలం వచ్చింది. అడ్డంగా చాచిన నాలుగోదానికి రాలేదు. కొండపల్లి పనివారు చేతులూ కాళ్లూ విడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు కాబట్టి వారికి ఈ చిక్కు అంతగా రాదు. మీరూ పోగు కాలి పొడవునా వచ్చేలా మరో ముక్క చెక్కి, భుజం మడతలో అతుకు దాచి, లోపల సన్నని కర్రమేకు పెట్టండి. ఇంత బరువు కర్రకు మక్కు కన్నా ఎపాక్సీ జిగురే మేలని నా అభిప్రాయం.

జవాబు 2 (సత్యనారాయణపురం, విజయవాడ):
అటవీశాఖ అనుమతి పత్రం లేని ఎర్రచందనాన్ని గుమ్మం దాటనివ్వకండి. అది 1995 నుంచి, ముప్పున్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందమైన సైటిస్ రెండో అనుబంధంలో ఉంది. మన రాష్ట్రంలో చట్టం మరీ కఠినం. పైగా దాని రంగు స్పిరిట్‌లో కరుగుతుంది కనుక స్పిరిట్ పాలిష్ వేస్తే ఎరుపు పక్కకు పాకుతుంది. అయినా నల్లటి కొమ్ములకు ఎర్ర కర్ర ఎందుకండీ? బిల్లుతో కొన్న జిట్రేగి (రోజ్‌వుడ్) చాలు. బొమ్మను విదేశాలకు పంపదలిస్తే మాత్రం జిట్రేగికీ అనుమతులు చూసుకోవాలి. 2017 నుంచి అదీ అదే అనుబంధంలో ఉంది.

ప్రశ్న అడిగినవారు:
చూశాను, నున్నగానే ఉంది. మిగిలిన ముక్క మీద కొత్త కాలు గీశాను, కానీ దాని నారింజ ఎరుపు ముందు పాత ఒళ్లు వెలిసినట్టుంది.

జవాబు 1:
పడాక్ వెలుతురుకు గోధుమరంగుకు తిరుగుతుంది. అతికించాక కొన్నాళ్లు కిటికీ పక్కన, కొత్త కాలు వెలుతురు వైపు ఉండేలా పెట్టండి. అప్పటిదాకా రంగు పూయకండి.