మార్మోసెట్ పిల్ల దూకడం మానేసింది, ఏం చేయాలి?

భవానీపురం వాసి:
అందరికీ నమస్కారం. మాది విజయవాడ, అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు. మా బావమరిది మా పాప పుట్టినరోజుకి మార్మోసెట్ అనే బుల్లి కోతి పిల్లని తెచ్చిచ్చాడు. చెవుల దగ్గర తెల్లటి కుచ్చులు, ఒంటికన్నా పొడుగు తోక. అమ్మినతను అరటిపండు, సెరెలాక్ పెట్టమన్నాడట, అవే పెడుతున్నాం. మొదట్లో కర్టెన్ రాడ్ మీంచి సోఫా మీదకి దూకేది. ఇప్పుడు బోను అడుగునే కూర్చుంటోంది. పైకెక్కబోతే వెనక కాళ్లు వణుకుతున్నాయి, తొడ దగ్గర చెయ్యి తగిలితే కీచుమంటోంది. ఎండ పడాలని కిటికీ అద్దం పక్కనే పెట్టాం. మంచి టానిక్ ఏదన్నా చెప్పండి.

బ్రాడీపేట అక్క:
తమ్ముడూ, టానిక్ సంగతి తర్వాత, ముందు ఎక్స్‌రే తీయించండి. మీరు చెప్పినవన్నీ ఎముకలు మెత్తబడ్డప్పుడు కనిపించే లక్షణాలే. గన్నవరం ఎన్టీఆర్ వెటర్నరీ కాలేజీ మీకు దగ్గరే, రేపు పొద్దున్నే బయల్దేరండి. చేత్తో పట్టుకుని తీసుకెళ్లొద్దు. అట్టపెట్టెకి కన్నాలు పెట్టి, అడుగున మెత్తటి గుడ్డ పరిచి అందులో ఉంచండి.

మా ఇంట్లో ఏళ్లుగా వీటి జత ఉంది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా. ఇవి ఈశాన్య బ్రెజిల్ చెట్ల మీద బతికే జాతి. వీటికి విటమిన్ డి3 మనకన్నా చాలా ఎక్కువ కావాలి, డి2 అనే ఇంకో రకం ఇచ్చినా సరిగా పనికిరాదు. ఒంట్లో డి3 తయారవ్వాలంటే ఎండలోని యూవీబీ (ఒక రకం అతినీలలోహిత) కిరణాలు తగలాలి, వాటిని కిటికీ అద్దం ఆపేస్తుంది. అక్కడ దానికి వేడి తప్ప ఏమీ అందట్లేదు, మన బెజవాడ ఎండలో అదీ ప్రమాదమే. తాబేళ్లకి, బల్లి జాతులకి వాడే యూవీబీ ట్యూబ్ పెట్టించండి. వెలుగు బాగానే ఉన్నా కొన్ని నెలలకి అందులో యూవీబీ తగ్గిపోతుంది, మారుస్తుండాలి. డి3 చుక్కలు మాత్రం డాక్టరు దాన్ని తూచి చెప్పాకే వెయ్యండి. పెద్దదయ్యాక కూడా మూడు నాలుగు వందల గ్రాములుండే ప్రాణి, మోతాదు మించితే మూత్రపిండాలు పాడవుతాయి.

తిండి కూడా మార్చాలి. అడవిలో ఇవి కింది పళ్లతో బెరడు గీకి, ఊరిన బంక నాకుతాయి. నేను తుమ్మబంకని రాత్రి నానబెట్టి, ఎండు జామకొమ్మకి కన్నాలు వేయించి వాటిలో కూరతాను. మా ఆడది ముందు వాసన చూస్తుంది. తర్వాత గోళ్లు దిగేసి కొమ్మని కరుచుకుని, కన్నం అంచుని కరకరా గీకుతుంది. బంక అయిపోయినా వదలదు! బంకలో కాల్షియం కూడా ఉంటుంది. దాంతోపాటు ఉడికిన గుడ్డు, జామపండు, కాల్షియం పొడి అద్దిన మీల్‌వార్మ్స్ (మేతకి వాడే పురుగులు) పెడతాను.

ఇంట్లో ఎవరికైనా పెదవి మీద హెర్పిస్ పొక్కు లేస్తే దాని గదిలోకే పోవద్దు. మనకి కొద్ది రోజుల్లో మానిపోయేది దాని ప్రాణం తీస్తుంది. పాపని ముద్దు పెట్టనివ్వకండి.

తెనాలి నుంచి:
కాగితాలు చూసుకున్నారా? ఈ జాతి సైటిస్ (వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) జాబితాలో ఉంది. వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణ, 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం పరివేష్ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయించాలి. బావమరిది దగ్గర రసీదు అడిగి తీసుకోండి.

భవానీపురం వాసి:
అక్కా, గన్నవరం వెళ్లొచ్చాం. తొడ ఎముకకి సన్నటి పగులు ఉందన్నారు, డి3, కాల్షియం రాసిచ్చారు. నమోదు పని మొదలుపెట్టాను. ఒంటరిగా దిగులు పడుతోందని మా ఆవిడ బాధ, ఇప్పుడే ఇంకోదాన్ని తెమ్మంటారా?

బ్రాడీపేట అక్క:
ఇప్పుడే వద్దు. మీ ఆవిడ మాట నిజమే, ఇవి కుటుంబంగా బతికేవి, కవలలు పుడితే తండ్రే వీపున మోస్తాడు. కానీ కొత్తది వస్తే దూకుళ్లు, తగాదాలు తప్పవు, ఈ కాలు తట్టుకోలేదు. పగులు అతికిందని డాక్టరు అన్నాక ఆలోచిద్దాం. అందాకా పై కొమ్మలన్నీ తీసేసి జానెడు ఎత్తులో ఒక్కటే ఉంచండి, తిండిగిన్నె, నీళ్ల సీసా దాని పక్కనే కట్టండి. బోను రోజూ కడగొద్దు, తన వాసన పోతే బెదురుతుంది. సగం ఇవాళ తుడిస్తే మిగతా సగం ఇంకో రోజు తుడవండి.