ఏడో నెలలో బిడ్డ పోయింది, బీపీ వల్ల అన్నారు. ముందే గుర్తుపట్టగలమా?

సిరిమల్లె_నల్గొండ:
అక్కలూ, రెండు నెలల కింద ఏడో నెలలో నా బిడ్డ కడుపులోనే పోయింది. అంతకు వారం ముందు నుంచే పొద్దున లేచేసరికి ముఖం ఉబ్బి ఉండేది, గాజులు బిగుసుకుపోయాయి. మాత్ర వేసుకున్నా తలనొప్పి తగ్గలేదు. నీరు పట్టడం మామూలే అన్నారు అందరూ, నేనూ నమ్మాను. కదలికలు తెలియట్లేదని ఆసుపత్రికి వెళ్తే బీపీ 170/110. స్కాన్‌లో గుండె చప్పుడు లేదు. కాగితంలో ప్రీఎక్లాంప్సియా అని రాశారు, గర్భంలో బీపీ పెరిగే జబ్బట. గ్రహణం రోజు బయటికి వచ్చావు, అందుకే అంటోంది మా అత్తమ్మ. నిజంగా నా తప్పేనా?

గోరింటాకు:
చెల్లీ, గ్రహణం మాట మనసులోంచి తీసెయ్యి. నువ్వు చేసిన పని వల్ల కాదు. మాయకు రక్తం అందించే నాళాలు సరిగా ఏర్పడకపోతే తల్లికి బీపీ పెరుగుతుంది, బిడ్డకు రక్తం చాలదు. నాకూ మొదటిసారి 30వ వారంలో ఇలాగే అయింది. రెండోసారి నెల తప్పగానే డాక్టరమ్మకు పాత కాగితాలన్నీ చూపించాను. 12 వారాలు నిండాక తక్కువ మోతాదు ఆస్పిరిన్ రాశారు. 16 వారాల లోపు మొదలుపెడితేనే ఎక్కువ మేలు అన్నారు. సొంతంగా మాత్రం వేసుకోకు. 36వ వారంలో బీపీ పెరిగితే ఆపరేషన్ చేసి పాపను తీశారు, 2.1 కిలోలు. ఇప్పుడు బడికి వెళ్తోంది.

పల్లె_ఏఎన్ఎం:
అమ్మా, పాదాల వాపు ఒక్కటే చాలామంది గర్భిణులకు ఉంటుంది. ముఖం, చేతులు ఉన్నట్టుండి వాచినా, తలనొప్పి తగ్గకపోయినా, కళ్ల ముందు మెరుపులు కనిపించినా, చూపు మసకబారినా ఆగకూడదు. కుడివైపు పక్కటెముకల కింద నొప్పి వస్తే గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకుంటారు, అదీ ప్రమాదమే. ఏ బాధా లేకుండా కూడా బీపీ పెరుగుతుంది. అందుకే ప్రతిసారీ బీపీ చూసి, మూత్రంలో ప్రోటీన్ పరీక్ష చేసి, ఎంసీపీ కార్డులో (తల్లీబిడ్డల రక్షణ కార్డు) రాయించుకోవాలి. 140/90 ఉంటే అదే రోజు డాక్టర్‌కు చూపించాలి. 160/110 అయితే వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఫిట్స్ వస్తే, అదే మన పెద్దవాళ్లు గుర్రపువాతం అనేది, చేతిలో తాళంచెవులు పెడుతూ కూర్చోకండి. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లండి. అక్కడ మెగ్నీషియం ఇంజెక్షన్ ఉంటుంది.

తులసికోట:
నాకు రెండుసార్లు మూడో నెల లోపే పోయింది. తొలి నెలల్లో పోయేవాటిలో దాదాపు సగం క్రోమోజోముల తేడా వల్లేనట, తల్లి మెట్లెక్కినా బిందె మోసినా దానికి సంబంధం లేదు. రెండోసారి తర్వాత థైరాయిడ్, షుగర్, గర్భసంచి స్కాన్ చేశారు. అన్నీ బాగున్నాయి. చివరికి రక్తం గడ్డకట్టించే యాంటీబాడీలు దొరికాయి. ఆ టెస్టు 12 వారాల తేడాతో రెండుసార్లు చేస్తారు. మూడోసారి రోజూ పొట్ట మీద హెపారిన్ ఇంజెక్షన్ (రక్తం గడ్డకట్టకుండా ఆపేది), ఆస్పిరిన్. బాబు నిలిచాడు. సిరిమల్లె, ఈ యాంటీబాడీలు ఉంటే నీకు వచ్చినట్టు బీపీ కూడా రావచ్చట, ఆ టెస్టు గురించి అడుగు.

కృష్ణా_ఒడ్డు:
కాన్పు అయ్యాక కూడా జాగ్రత్త. మా చెల్లికి ఐదో రోజు తలనొప్పి వస్తే, బాలింత కదా, చలిగాలి సోకిందని చెవుల్లో దూది పెట్టాం. సాయంత్రానికి ఫిట్స్ వచ్చాయి. దేవుడి దయ, బతికింది. ఆ రోజు బీపీ చూపించి ఉంటే బాగుండేదని ఇప్పటికీ బాధపడుతుంటాను.

సిరిమల్లె_నల్గొండ:
అందరి మాటలూ మా ఆయనకు చదివి వినిపించాను. నిన్న బీపీ 148/94. ఇంకా తగ్గలేదేమిటక్కా?

పల్లె_ఏఎన్ఎం:
కాన్పు తర్వాత 12 వారాలకు కూడా తగ్గకపోతే అది గర్భం వల్ల వచ్చింది కాక, ఎప్పుడూ ఉండే బీపీ జబ్బే కావచ్చమ్మా. అప్పటిదాకా ఆగకు, ఈ వారమే డాక్టర్‌కు చూపించు. మళ్లీ బిడ్డ కావాలనుకుంటున్నావని ముందే చెప్పు, బీపీ మాత్రల్లో కొన్ని గర్భంలో వాడకూడదు.

సిరిమల్లె_నల్గొండ:
సోమవారం వెళ్తున్నాం. అత్తమ్మను కూడా తీసుకెళ్తాను, డాక్టర్ గారి నోటితోనే వింటుంది.