ఏనుగు లేకపోతే అది సర్కస్ ఎలా అవుతుంది?

గాజువాక_గోపి:
మొన్న ఆదివారం మా పాపని సర్కస్‌కి తీసుకెళ్ళాను. టికెట్లు, పాప్‌కార్న్, ఆటో అన్నీ కలిపి 1,800 వదిలింది. ఊయల ఫీట్లు బాగున్నాయి, మృత్యుకూపంలో బైకులూ బాగున్నాయి. మధ్యలో ఇద్దరు మనుషులు ఏనుగు తొడుగు వేసుకుని వచ్చారు. ముందువాడు కుడికి పోతే వెనకవాడు ఎడమకి పోయాడు. జనం నవ్వారు. మా పాప మాత్రం ఆఖరిదాకా "నాన్నా, నిజం ఏనుగు ఎప్పుడొస్తుంది?" అని అడుగుతూనే ఉంది.

నా చిన్నప్పుడు ఊళ్ళో సర్కస్ దిగిందంటే రాత్రి ఆకాశంలో సెర్చ్‌లైటు తిరిగేది, పగలు ఏనుగులు కనిపించేవి. అవి క్రికెట్ ఆడేవి, శివలింగానికి నీళ్ళు పోసి పూజ చేసేవి. ఏనుగుని తీసేసి సర్కస్‌ని చంపేశారని నా బాధ. తిండి, డాక్టరు, తనిఖీ అన్నీ పక్కాగా పెట్టి మళ్ళీ అనుమతిస్తే తప్పేంటి? తిట్టకుండా చెప్పండి.

లక్ష్మి_శ్రీహరిపురం:
తిట్టను గానీ ఒక చిన్న సవరణ. సర్కస్‌లలో ఆడించకూడదని 1998లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్‌లో ఉన్నవి ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహం. సర్కస్ వాళ్ళు కోర్టుకెళ్ళారు. 2001లో సుప్రీంకోర్టు నిషేధమే సరైనదంది. ఏనుగు ఆ జాబితాలో లేదు, అందుకే పులులు పోయాక కూడా చాలా ఏళ్ళు రింగులో కనిపించింది. తర్వాత కేంద్ర జూ అథారిటీ, జంతువుల్ని ఉంచుకోవడానికి సర్కస్‌లకు ఇచ్చిన గుర్తింపు రద్దు చేస్తూ వచ్చింది.

ఇంకో మాట. సర్కస్‌ల నుంచి విడిపించిన సింహాలు, పులులు మన విశాఖకే వచ్చాయి. ముడసర్లోవ దగ్గర రెస్క్యూ సెంటర్ కట్టింది వాటి కోసమే. బోనులో పుట్టి బోనులో పెరిగినవాటిని అడవిలో వదల్లేరు. చచ్చేదాకా మేపాల్సిందే. సర్కస్ లాభం ఒకళ్ళకి, ఆ మేత ఖర్చు మనందరికీ.

మధురవాడ_మూర్తి:
గోపి గారి మాటలో పాయింటు ఉంది. అమెరికాలో రింగ్లింగ్ సర్కస్ వాళ్ళు 2016లో ఏనుగుల్ని ఆపేశారు. ఏడాది తిరిగేసరికి, 2017 మేలో, సర్కసే మూతపడింది. ఏనుగులు పోయాక టికెట్ల అమ్మకం అనుకున్నదానికంటే ఎక్కువగా పడిపోయిందని వాళ్ళే ఒప్పుకున్నారు. అదే కంపెనీ 1968లో గుంథర్ గెబెల్ విలియమ్స్ అనే శిక్షకుడి కోసం, ఆయనొక్కడి కోసం, జర్మనీలో ఒక సర్కస్‌ని మొత్తంగా కొనేసింది. ఆయన చుట్టూ ఏనుగుల గుంపు తిరుగుతుంటే, నోటిమాటతో నడిపించేవాడు. ఏనుగుల్ని తీసేస్తే ఆ స్టార్ ఎక్కడ?

లక్ష్మి_శ్రీహరిపురం:
మూర్తి గారూ, కథ సగంలో ఆపేశారు. అదే రింగ్లింగ్ 2023లో జంతువులు ఒక్కటి కూడా లేకుండా మళ్ళీ మొదలుపెట్టింది.

కొత్తరోడ్_కుమార్:
అమెరికా సర్కస్ యజమాని బార్నమ్, ఆయన కొన్న ఏనుగు జంబో సంగతి కూడా చెప్పుకోవాలి కదా. 1882లో లండన్ జూ నుంచి 10,000 డాలర్లకు కొన్నాడు. 1885లో కెనడాలో రైలు గుద్ది చచ్చిపోయింది. అయినా వదల్లేదు. తోలు కుట్టించి, ఎముకలు బిగించి, అవీ ఊరూరా తిప్పాడు. ఏనుగు స్టార్ అయితే రిటైర్‌మెంట్ కూడా ఉండదు.

వాల్తేరు_తాత:
నేను ఆలస్యంగా చూశాను. కాస్త పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

సుమారు 1970ల్లో, కాలేజీ రోజుల్లో, మా అన్నయ్య ఒక సర్కస్ డేరాకి గడ్డి సప్లై చేసేవాడు. కంపెనీ పేరు అనవసరం. పొద్దున్నే బండి మీద నేను కూడా వెళ్ళేవాణ్ణి. సాయంత్రం రింగులో తలపట్టం కట్టుకుని, చిన్న పీట మీద నాలుగు కాళ్ళూ ఇరికించి గుండ్రంగా తిరిగే ఏనుగు, పొద్దున డేరా వెనక ఎలా ఉండేదో చూశాను. ముందుకాలు ఒకటి, దానికి ఎదురు వైపు వెనకకాలు ఒకటి గొలుసుకి కట్టి ఉండేవి. మిగిలిన రెండు కాళ్ళ మీద కుడికీ ఎడమకీ ఊగుతూనే ఉండేది. గడ్డి వేసినా ఊగుతూనే తినేది. "సంగీతానికి ఆడుతోందా?" అని అడిగాను. అప్పుడు పాట ఏమీ లేదు. మావటి నవ్వి, "రాత్రంతా ఇంతే బాబూ" అన్నాడు. గొలుసు ఒరిసిన చోట పసుపూ నూనే రాసి ఉంది. రాసింది కూడా ఆయనే.

ఆయన దుర్మార్గుడు కాడు. తన రొట్టెలో సగం దానికి పెట్టేవాడు. సాయంత్రం అంకుశం చెవి వెనక ఆనించేదీ ఆయనే. అందుకే గోపి, "తనిఖీ పెడితే సరి" అంటే నాకు నమ్మకం లేదు. తనిఖీ చేసేవాడు నెలకోసారి పగలు వస్తాడు. ఆ ఊగడం రాత్రిపూట సంగతి.

మధురవాడ_మూర్తి:
తాతగారూ, మరి మన కోడి రామ్మూర్తి నాయుడు గారి సంగతేంటి? వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, సొంత సర్కస్ పెట్టి దేశమంతా తిరిగారు. ఛాతీ మీద ఏనుగుని ఎక్కించుకున్నారు. బీచ్ రోడ్డులో విగ్రహం కూడా పెట్టాం. ఏనుగు లేకపోతే ఆ విగ్రహం ఉండేదా?

కుర్ర_ఇంజనీర్:
లెక్క కోసం చెప్తున్నా, కొట్టకండి. ఏనుగు బరువు సుమారు మూడు టన్నులు. ఛాతీ మీద వేసిన పలక చివరలు ఏటవాలుగా నేలకి ఆనితే బరువంతా ఛాతీ మీద పడదు.

మధురవాడ_మూర్తి:
బాబూ, పావు వంతు పడినా 700 కిలోలు దాటుతుంది. నువ్వు మొదట గ్యాస్ సిలిండర్ పెట్టుకుని చూడు.

కుర్ర_ఇంజనీర్:
😂 ఒప్పుకున్నా.

లక్ష్మి_శ్రీహరిపురం:
రామ్మూర్తి గారి బలాన్ని ఎవరూ కాదనట్లేదు. ఆయన గొలుసులు తెంచేవారు, కార్లు ఆపేవారు, వాటికి ఏనుగు అక్కర్లేదు. కేరళలోని తలశ్శేరి నుంచి వెళ్ళిన కణ్ణన్ బొంబాయో 1930ల్లో తాడు మీద ఎగిరి విదేశాలని అదరగొట్టాడు. బెంగాల్లో సుశీలాసుందరి పులుల బోనులోకి వెళ్ళేది. వీళ్ళందరి పేర్లూ మనకి తెలుసు. రామ్మూర్తి గారి ఛాతీ మీద అడుగేసిన ఏనుగు పేరు ఎవరైనా చెప్పగలరా? ఆ నిమిషంలో ఆయన ప్రాణం దాని కాలి కింద ఉంది. తొందరపడకుండా, తడబడకుండా అది దిగి వెళ్ళింది. ఫీటు ఇద్దరిదీ. ఆయనకి నచ్చకపోతే ఆ రోజు ఆట మానేయొచ్చు, దానికి ఆ వీల్లేదు. నా అభ్యంతరం అంతే.

పార్వతీపురం_పిల్ల:
మీరంతా ఏనుగు కావాలంటున్నారు, మా దగ్గరికి రండి. ఒడిశా వైపు నుంచి వచ్చినవి చేలల్లో పడి అరటి, చెరకు తొక్కేస్తున్నాయి. మా మావయ్య రాత్రిళ్ళు డబ్బా వాయిస్తూ కాపలా. టికెట్ కూడా లేదు.

కొత్తరోడ్_కుమార్:
ఈ పోస్టుకి వంద లైకులు కొట్టే బటన్ లేదా?

గాజువాక_గోపి:
సరే, తాతగారి పోస్టు రెండుసార్లు చదివాను. పూజ చేసే ఏనుగుని చూసి చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను, అది గుచ్చుకుంది. ఏనుగుల్ని తిరిగి తెమ్మనే మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఒక్క విషయంలో తగ్గను. జంతువుల్ని తీసుకెళ్ళి రెస్క్యూ సెంటర్ కట్టారు, బాగుంది. 2011లో పిల్లల్ని సర్కస్‌లో పెట్టకూడదని కోర్టు చెప్పింది, అదీ బాగుంది. మరి మిగిలిన పెద్దవాళ్ళ సంగతి? మొన్న ఊయల మీద ఆడినవాళ్ళే ఆట అయ్యాక గేటు దగ్గర పాప్‌కార్న్ అమ్మారు. మావటీలకి సెంటర్ ఎవరు కట్టారు? తాతగారూ, మీ మావటి తర్వాత ఏమయ్యాడు?

వాల్తేరు_తాత:
తెలియదు బాబూ. డేరా ఎత్తేసిన రోజు గడ్డి బాకీ కోసం అన్నయ్యతో వెళ్ళాను. గుంజలు పీకించి లారీ దాకా లాగించింది ఆ ఏనుగు చేతే. మేనేజరు బాకీ ఇవ్వలేదు. మావటి మాత్రం జేబులోంచి రెండు రూపాయలు తీసి, "గడ్డి బాగుంది, అది తిన్నది" అని మా అన్నయ్య చేతిలో పెట్టాడు. పేరు అడగలేదు, ఆయనదీ, దానిదీ.